కార్బన్ పాఠాన్ని జనవరి దాకా ఆపొద్దు

పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రం పుస్తకంలో కార్బన్, దాని సమ్మేళనాల పాఠం చిట్టచివర ఉంటుంది. మేం అక్కడికి చేరేసరికి డిసెంబరు ఆఖరో, సంక్రాంతి దాటిన తర్వాతో అవుతుంది. అప్పటికి ప్రత్యేక తరగతులు మొదలై ఉంటాయి. రోజుకో స్లిప్ టెస్టు నడుస్తుంటుంది. ప్రీ ఫైనల్ తేదీలు నోటీసు బోర్డు ఎక్కి ఉంటాయి. పుస్తకంలోని పెద్ద పాఠాల్లో ఒకటైన దీనికి దక్కేది ఓ వారం, మహా అయితే పది రోజులు. మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ అని పిల్లలు వల్లె వేస్తారు. కార్బన్ల మధ్య ఒక గీత ఉంటే ఆల్కేన్, రెండుంటే ఆల్కీన్, మూడుంటే ఆల్కైన్ అని గుర్తుపెట్టుకుంటారు. బిట్లు పెట్టేస్తారు. పరీక్ష అయిపోతుంది, పాఠం కూడా అయిపోతుంది.

తాండూరు చుట్టుపక్కల బడుల్లో ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్న టీచర్‌గా నేను అడిగేది ఒక్కటే. ఈ పాఠాన్ని పుస్తకం చివరి నుంచి తీసి, రసాయన బంధం పాఠం ముగిసిన వెంటనే పెట్టండి. పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక, రసాయన బంధం వరుసగా వస్తాయి. ఎలక్ట్రాన్లు పంచుకోవడమంటే ఏమిటో పిల్లలకు అప్పుడే తెలుస్తుంది. ఆ తెలివి ఆరకముందే కార్బన్ రావాలి. కానీ మధ్యలో విద్యుత్తు, విద్యుదయస్కాంతత్వం, లోహాల సంగ్రహణ వచ్చి పడతాయి. జనవరిలో కార్బన్ దగ్గరికి వచ్చేసరికి సమయోజనీయ బంధం మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. దసరా సెలవులకు అటూ ఇటూ నెల రోజులు ఇస్తే ఈ పాఠం మా ప్రాంతంలో బతికిన పాఠం అవుతుంది. ఆ మాట ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో వచ్చేవాళ్లు కిటికీలోంచి చూస్తూనే ఉంటారు. అనంతగిరి అడవి, ఎర్రనేల వెనకబడతాయి. నల్లరేగడిలో కంది చేలు వస్తాయి. ఆ తర్వాత బండల గనులు, పక్కన పోసిన పెంకుల గుట్టలు, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ గనుల్లో తీసే నాపరాయి దేశమంతటికీ తాండూరు బండగా తెలుసు. మా బడి నేల ఆ బండే. వరండా ఆ బండే. మధ్యాహ్న భోజనం వండే గది కూడా ఆ బండే.

దాని మీద నిమ్మకాయ పిండితే మచ్చ పడుతుందని మా పిల్లలందరికీ తెలుసు. ఎవరో ఒకరు ఇంట్లో ఆ మచ్చ చేసి తిట్లు తిని ఉంటారు. మచ్చ ఎందుకు పడుతుందని అడిగితే మాత్రం తరగతి మౌనం. అది సున్నపురాయి, కాల్షియం కార్బోనేట్. నిమ్మరసంలోని ఆమ్లం తగలగానే పైపొర కరుగుతుంది, అందులోని కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది. సజల హైడ్రోక్లోరికామ్లం ఒక చుక్క వేస్తే నురగ కంటికి కనిపిస్తుంది. మనం నడిచే నేలలో కార్బన్ ఉందన్న సంగతి పిల్లలకు తెలిసే క్షణం అది.

లెక్క కూడా అక్కడే చేయించవచ్చు. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కరన్‌కోట్‌లోని ప్రభుత్వ రంగ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ 1980ల నాటిది. దాని పక్కన పుట్టి పెరిగిన పిల్లలు కూడా, ఫ్యాక్టరీ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ అంతా బొగ్గుదే అనుకుంటారు. నిజానికి సిమెంటు తయారీలో సగానికి పైగా రాయి నుంచే వస్తుంది, మిగిలింది ఇంధనానిది. ఫ్యాక్టరీలో రేపటి నుంచి బొగ్గు మానేసి సౌర విద్యుత్తు పెట్టినా రాయిలోని 44 కిలోలు ఎక్కడికీ పోవు. ఈ మాట తెలిసిన పిల్లవాడు పెద్దయ్యాక ప్రజాభిప్రాయ సేకరణ సభలో కూర్చుంటే అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

ఇదే రాయి నుంచి హైడ్రోకార్బన్ కూడా పుడుతుంది. పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. సున్నపురాయిని కాలిస్తే సున్నం. ఆ సున్నాన్ని కోక్‌తో కలిపి విద్యుత్ కొలిమిలో రెండు వేల డిగ్రీల వేడికి తెస్తే కాల్షియం కార్బైడ్. ఆ బూడిదరంగు గడ్డ మీద నీళ్లు పడితే ఎసిటిలీన్, పుస్తకంలో ఈథైన్. రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు, నడుమ మూడు గీతలు. మన తాండూరు బండలో మట్టి, ఇసుక పాలు ఎక్కువ కాబట్టి కార్బైడ్ కొలిమికి అంతకంటే శుద్ధమైన రాయినే ఎంచుకుంటారు, కానీ అసలు పదార్థం అదే.

పుస్తకం ఫ్రెడరిక్ వోలర్ పేరు చెబుతుంది. 1828లో ఆయన యూరియాను ప్రయోగశాలలో తయారుచేసి, జీవుల్లోని పదార్థాలు జీవుల్లోనే పుట్టాలన్న నమ్మకాన్ని కదిలించాడని చెప్పి ఊరుకుంటుంది. ఆ వోలరే 1862లో కాల్షియం కార్బైడ్ తయారుచేసి, దాని మీద నీళ్లు పోస్తే ఎసిటిలీన్ వస్తుందని చూపించాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1892లో, అమెరికాలో థామస్ విల్సన్ అల్యూమినియం తయారీ కోసం తంటాలు పడుతూ సున్నాన్ని, తారును విద్యుత్ కొలిమిలో వేసి కరిగించాడు. ఆయన కోరిన లోహం రాలేదు. వచ్చిన గడ్డను నీళ్లలో వేస్తే మండే వాయువు వచ్చింది. అక్కడి నుంచి సైకిళ్లకు, మోటారు కార్లకు, గనుల్లో పనివాళ్ల టోపీలకు కార్బైడ్ దీపాలు వచ్చాయి. రాయి, బొగ్గు, నీళ్లు. మూడూ మా పిల్లలు రోజూ తాకేవే.

తాండూరులో ఈ ఎసిటిలీన్ మంటతోనే ట్రాలీలు, బండలు కోసే మిషన్లు బాగుచేసే వెల్డింగ్ షాపులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని యజమానిని పిల్లలు చాచా అంటారు. "పిల్లల్ని తీస్కరండ్రి మేడం, గాని ఈ గీత దాటనియ్యకుండ్రి" అని ఆయన నేల మీద సుద్దతో గీత గీస్తాడు. నల్ల సిలిండర్ ఆక్సిజన్‌ది, మెరూన్ రంగుది ఎసిటిలీన్‌ది. ఎసిటిలీన్ మర ఎడమవైపు తిరుగుతుంది, దాని పైపు పొరపాటున కూడా ఆక్సిజన్‌కు బిగించడం కుదరకుండా. చాచా ముందు ఎసిటిలీన్ ఒక్కటే వదిలి వెలిగిస్తాడు. పసుపు పచ్చని పెద్ద మంట లేస్తుంది, దాని కొసన దారాల్లా మసి తేలి పిల్లల జుట్టు మీద, చొక్కాల మీద రాలుతుంది. తర్వాత ఆక్సిజన్ నాబ్ మెల్లగా తిప్పుతాడు. చప్పుడు మారుతుంది. మంట కురచబడి నీలంగా, లోపలి ములుకు తెల్లగా మెరుస్తుంది. మసి ఒక్కసారిగా మాయం.

"మేడం, గ్యాసు గదే గదా, మసి యాడికి వాయె?" అని ఒక అమ్మాయి అడిగింది.

దహన చర్య మీద నేను రెండు పీరియడ్లు చెప్పినా ఆ ప్రశ్న పుట్టదు. మసి కాలకుండా మిగిలిన కార్బన్. ఎసిటిలీన్‌లో హైడ్రోజన్ తక్కువ, కార్బన్ పాలు ఎక్కువ. చుట్టూ ఉన్న గాలి దానికి చాలదు, కొంత కార్బన్ కాలకుండానే బయటపడుతుంది. ఆక్సిజన్ సరిపడా అందితే అంతా కార్బన్ డయాక్సైడ్ అయి కంటికి కనిపించకుండా పోతుంది. ఇంట్లో ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి నాయనమ్మ కాటుక పట్టేదీ, బర్నర్ రంధ్రాలు మూసుకుపోయినప్పుడు గిన్నెల అడుగు నల్లబడేదీ అందుకే అని చెప్పాల్సిన పని కూడా నాకు లేకపోయింది. తిరిగొచ్చే దారిలో వాళ్లే చెప్పుకున్నారు.

చాచా మరో మాట అన్నాడు. "కటింగ్‌కు ఎల్పీజీ నడుస్తది. అతుకు పెట్టాల్నంటే ఇదే గావాలె." ఇందులో గొప్ప ప్రశ్న ఉంది. ఎల్పీజీ వాయువుల్లాగే ఆల్కేన్ అయిన ఈథేన్‌తో పోల్చి చూద్దాం, దానికీ ఎసిటిలీన్‌లాగే రెండు కార్బన్లు. ఒక మోల్ ఈథేన్ పూర్తిగా మండితే సుమారు 1560 కిలోజౌళ్ల వేడి వస్తుంది. ఎసిటిలీన్ మండితే 1300 మాత్రమే. అయినా ఎసిటిలీన్ మంటే వేడిగా ఉంటుంది, ఆక్సిజన్‌తో కలిస్తే మూడు వేల డిగ్రీలు దాటుతుంది. ఉక్కు కరగడానికి పదిహేను వందలు చాలు. తక్కువ వేడినిచ్చేది ఎక్కువ వేడిగా ఎలా మండుతుంది? సమీకరణాన్ని తుల్యం చేసి చూడండి. ఒక ఈథేన్ అణువు మండితే రెండు కార్బన్ డయాక్సైడ్‌లు, మూడు నీటి అణువులు, మొత్తం అయిదు. ఎసిటిలీన్ మండితే రెండు కార్బన్ డయాక్సైడ్‌లు, ఒక్క నీటి అణువు, మొత్తం మూడు. 1560ని అయిదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 312. 1300ని ముగ్గురు పంచుకుంటే 433. సమీకరణాలు తుల్యం చేయడం దేనికని విసుక్కునే పిల్లలు ఈ లెక్క దగ్గర కదలకుండా కూర్చుంటారు.

ఇక గీతల సంగతి. మూడు గీతలున్న బంధం గట్టిది కదా, అది దేనితోనూ చర్య జరపకూడదు కదా అని తెలివైన పిల్లలే అనుకుంటారు. పుస్తకం మాత్రం అసంతృప్త హైడ్రోకార్బన్లకే చర్యాశీలత ఎక్కువ అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతుంది. ఈ ముడి విప్పకపోతే ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అనేవి ఎప్పటికీ బట్టీ పదాలే. విప్పడానికి మూడు అంకెలు చాలు. రెండు కార్బన్ల మధ్య ఒక గీతను తెంచడానికి మోల్‌కు సుమారు 348 కిలోజౌళ్లు కావాలి. రెండు గీతలైతే 614. మూడైతే 839. మూడు గీతల బంధం మొత్తంగా గట్టిదే, అందులో తప్పు లేదు. కానీ మొదటి గీత విలువ 348 అయితే, రెండోది వచ్చి కలిపింది 266, మూడోది కలిపింది 225. తర్వాత చేరిన గీతలు మొదటిదానంత గట్టివి కావు. వాటి ఎలక్ట్రాన్లు రెండు కేంద్రకాల నడుమ నేరుగా కాక పక్కగా పరుచుకుని ఉంటాయి, బయటి నుంచి వచ్చే క్లోరిన్‌కో, బ్రోమిన్‌కో, హైడ్రోజన్‌కో సులువుగా అందుతాయి. ఆ గీత తెగినా అణువు విడిపోదు, మొదటి గీత పట్టుకునే ఉంటుంది. తెగినచోట కొత్త పరమాణువులు వచ్చి కలుస్తాయి. సంకలన చర్య అంటే అదే. ఈథేన్‌కు ఆ వీలు లేదు. దానిలో కొత్తది చేరాలంటే ఉన్న హైడ్రోజన్ ఒకటి దిగిపోవాలి, అది ప్రతిక్షేపణ.

దీనికి కొన్న నమూనాల పెట్టె అక్కర్లేదు. జొన్న దంటు చీల్చి బెండు ముక్కలు కోసుకుంటే కార్బన్లు, చీపురు పుల్లలు విరిస్తే బంధాలు. బెండుతో బండ్లు, ఎడ్లు చేసి ఆడుకున్న చేతులకు అణువులు చేయడం నిమిషాల పని. ఒక పుల్ల గుచ్చిన జంట తేలిగ్గా తిరుగుతుంది. రెండు గుచ్చితే తిరగదు. మూడు గుచ్చాలంటే పక్క పుల్లల్ని వంచక తప్పదు. అణువులో ఉన్నవి పుల్లలు కావని నేను గట్టిగానే చెబుతాను. అయినా రెండు పుల్లల జంట తిరగడం లేదన్న ఆ ఒక్క సంగతి ఇంటర్‌లో వాళ్లకు మళ్లీ ఎదురవుతుంది, అప్పటికి చేతులకు అది తెలిసే ఉంటుంది.

ఎసిటిలీన్ అణువు పుట్టడానికే మూలకాల నుంచి మోల్‌కు 227 కిలోజౌళ్లు పెట్టుబడి పెట్టాలి. ఆ శక్తి లోపల ఉండిపోతుంది. అందుకే దాన్ని మామూలు వాయువులా సిలిండర్‌లో కుక్కలేరు, ఒత్తిడి పెరిగితే గాలి లేకుండానే పేలుతుంది. మెరూన్ సిలిండర్ నిండా గుల్ల పదార్థం ఉంటుంది, అందులో ఎసిటోన్ ఇంకి ఉంటుంది, ఎసిటిలీన్ ఆ ఎసిటోన్‌లో కరిగి ఉంటుంది. ఇంత జాగ్రత్త ఎందుకో తెలియని పిల్లల చేతికి కార్బైడ్ దొరికితే ఏమవుతుందో 2025 దీపావళికి చూశాం. మధ్యప్రదేశ్‌లో భోపాల్, విదిశ ప్రాంతాల్లో ప్లాస్టిక్ పైపులతో చేసిన కార్బైడ్ గన్లు వీధుల్లో అమ్మారు. వీడియోలు చూసి కొందరు ఇంట్లోనే తయారుచేసుకున్నారు. వందమందికి పైగా కళ్ల గాయాలతో ఆసుపత్రుల్లో చేరారు, ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపు పోయింది. కార్బైడ్, నీళ్లు, వచ్చే వాయువు. ఆ సమీకరణం పదో తరగతి స్థాయిని దాటదు. ఆ పిల్లల్లో ఈ పాఠం విన్నవాళ్లకైనా ఆ వాయువు పేలుడు స్వభావం గురించి ఎవరైనా ఆగి చెప్పి ఉంటారా? దీపావళి అక్టోబరులోనో నవంబరులోనో వస్తుంది. పాఠం జనవరిలో వస్తుంది. నా బాధ ఇదే.

రెండు గీతల వాయువుది మరో కథ. దసరా రోజుల్లో అనంతగిరి చుట్టూ సీతాఫలాల కాలం. తెల్లారకముందే బుట్టలు రోడ్డెక్కుతాయి. కాయను గడ్డిలోనో, బియ్యంలోనో పెట్టి మాగబెట్టడం అందరికీ తెలిసిన పని. బుట్టలో ఒక పండు పండితే మిగతావి త్వరగా పండుతాయి, అదీ తెలుసు. ఆ పండు వదిలే వాయువు ఇథిలీన్ అని, పుస్తకంలో ఈథీన్ అని రాసి ఉన్నది ఇదేనని మాత్రం ఎవరూ చెప్పరు. 1901లో నెల్యుబోవ్ అనే రష్యన్ విద్యార్థి, ప్రయోగశాలలో బఠాణీ మొలకలు వంకర తిరగడానికి దీపాల గ్యాసులోని ఇథిలీనే కారణమని పట్టుకున్నాడు. పండ్లు తామే ఆ వాయువును తయారుచేసుకుంటాయని 1934లో ఇంగ్లండులో గేన్ చూపించాడు. మూత పెట్టిన రెండు డబ్బాల్లో పచ్చికాయలు పెట్టి, ఒకదానిలో మాత్రం మాగిన పండు ఒకటి వేసి మూడు రోజులు చూడమంటే చాలు. ఖర్చు లేని ప్రయోగం, చివరికి తినేయవచ్చు. జనవరిలో సీతాఫలం దొరకదు.

మామిడి వ్యాపారులు కార్బైడ్ పొట్లాలు పెట్టేది కూడా ఈ సంగతి మీదే. ఎసిటిలీన్ ఇథిలీన్‌ను పోలినదే కాబట్టి కాయ మోసపోతుంది, తొక్క పసుపుగా మారుతుంది. బజారు కార్బైడ్‌లో భాస్వరం, ఆర్సెనిక్ మలినాలు ఉంటాయి. తడి తగిలిన కార్బైడ్ దగ్గర వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది, అది ఎసిటిలీన్‌ది కాదు, ఆ మలినాల నుంచి పుట్టే ఫాస్ఫీన్‌ది. అందుకే ఆహార భద్రతా నిబంధనలు కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని నిషేధించాయి, మితంగా ఇథిలీన్ వాయువును అనుమతించాయి. 2015లో హైదరాబాద్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా చేపట్టి ప్రభుత్వాలను గట్టిగా నిలదీసింది. రెండు గీతలది అనుమతి, మూడు గీతలది నిషేధం. ఈ వాక్యం చెప్పాక నా తరగతిలో ఆల్కీన్‌కూ ఆల్కైన్‌కూ తేడా తెలియని పిల్లలు లేరు.

కుసుమ నూనె గురించి రెండు మాటలు. మా ప్రాంతంలో కంది తర్వాత రబీలో కుసుమలు వేసే రైతులు ఇంకా ఉన్నారు. ఆ నూనెలో నాలుగింట మూడు వంతుల దాకా ఉండే లినోలిక్ ఆమ్లంలో రెండు ద్విబంధాలున్నాయి. అందుకే అది చలికి గడ్డకట్టదు, గాలికి వదిలేస్తే బంకగా సాగుతుంది. ఆ ద్విబంధాల మీద నికెల్ సమక్షంలో హైడ్రోజన్ చేర్చే చర్యతోనే వనస్పతి గడ్డకడుతుంది.

వంటగ్యాస్ విషయంలో మాత్రం తొందరపడకూడదు, ప్రాణాలతో ముడిపడిన లెక్క ఇది. గాలి సగటు అణుభారం 29. ఎల్పీజీలోని ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. లీకైన గ్యాస్ పైకి పోదు, నేల మీద పరుచుకుని గుమ్మం దాకా పాకుతుంది. కిటికీ తెరిచి ఊరుకుంటే చాలదు, తలుపులు బార్లా తీయాలి, స్విచ్ ముట్టుకోకూడదు. గోబర్ గ్యాస్‌లోని మీథేన్ భారం 16, అది పైకి లేస్తుంది. కార్బన్ 12, హైడ్రోజన్ 1 అని కూడిక వేసుకుంటే తెలిసే ఈ సంగతిని మా పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మకు చెబుతారు. ప్రొపేన్‌కూ బ్యూటేన్‌కూ వాసన లేదు, మనకు తెలిసే ఆ వాసన కలిపిన మెర్‌కాప్టాన్‌ది అనీ చెబుతారు.

అన్నిటికన్నా కష్టమైన మాట కల్లు గురించి. 2021 జనవరిలో వికారాబాద్, నవాబుపేట మండలాల పల్లెల్లో కల్లు తాగినవాళ్లు వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఊళ్ల పిల్లలు మా జిల్లా బడుల్లోనే చదువుతున్నారు. చెట్టు నుంచి దించిన కల్లులో జరిగేది పుస్తకంలో ఉన్న చర్యే. చక్కెర పులిసి ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, అందుకే కుండలో నురగ. మర్నాటికి ఇథనాల్ ఆక్సీకరణ చెంది ఎసిటిక్ ఆమ్లం అవుతుంది, అందుకే పులుపు. ఇంతవరకూ గౌడన్నల చేతి పని, తరాలుగా తెలిసిన పని.

చెట్లు తగ్గి, తాగేవాళ్లు తగ్గని చోట కల్తీ మొదలైంది. తెలంగాణలో కల్తీ కల్లు కేసుల్లో ఏళ్లుగా వినిపిస్తున్న పేర్లు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్. మొదటిదాన్ని పల్లెల్లో సీహెచ్ అంటారు. అది ఏమిటో పదో తరగతి పిల్లలు బల్ల మీద గీసి చూపించగలరు. రెండు కార్బన్లు. ఇథనాల్‌లో ఒక చివర కార్బన్‌కు మూడు హైడ్రోజన్లు ఉంటాయి. అక్కడ ఆ మూడింటినీ దించి మూడు క్లోరిన్లు కూర్చోబెట్టండి. రెండో కార్బన్ మీద ఒకటి బదులు రెండు హైడ్రాక్సిల్ సమూహాలు పెట్టండి. క్లోరల్ హైడ్రేట్ సిద్ధం. ఇథనాల్ మీద క్లోరిన్ పంపి క్లోరల్‌ను మొదట తయారుచేసింది లీబిగ్, 1832లో. 1869లో క్లోరల్ హైడ్రేట్ నిద్రమందుగా వైద్యంలోకి వచ్చింది. మీథేన్‌కు సూర్యకాంతిలో క్లోరిన్ చేర్చే ప్రతిక్షేపణ చర్యను మేం ప్రతి ఏడాదీ బోర్డు మీద నాలుగు మెట్లుగా రాస్తాం. అదే రకం మార్పిడి ఊరి కల్లు సీసాలో మనిషి నాడీ వ్యవస్థతో ఆడుకుంటోందని చెప్పకుండా దాన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా వదిలేయడం నాకు చేతకాదు.

ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు కొందరు పిల్లలు తల దించుకుంటారు. వాళ్ల ఇంట్లో సాయంత్రం సీసా ఉంటుంది. నేను తాగడం మంచిదనో చెడ్డదనో ఉపన్యాసం చెప్పను. ఏళ్లుగా అలవాటైన శరీరానికి కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణకడం, మాట తడబడటం, ఫిట్లు రావడం ఎందుకు జరుగుతాయో చెబుతాను. అలా జరిగితే గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి పోవద్దని, డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలని చెబుతాను. ఒకసారి ఒక పిల్లవాడు తరగతి అయ్యాక వచ్చి, "మా తాతకు గట్లనే అయితున్నది మేడం" అన్నాడు.

తోటి ఉపాధ్యాయులు నాతో వాదిస్తారు. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. పాఠం ముందుకు జరిపితే లోహాల సంగ్రహణ జనవరికి పోతుంది కదా అంటారు. పోనివ్వండి. ఖనిజాలు, బట్టీలు, క్షయకరణం చెప్పడానికి కార్బన్ ముందే తెలిసి ఉంటే సులువు, కోక్ అక్కడా పని చేస్తుంది కాబట్టి. పరీక్షల ప్రణాళిక ఒప్పుకోదు అంటారు. యూనిట్ పరీక్షల్లో ఏ పాఠం ఎప్పుడు అడగాలన్నది మనుషులు రాసిన పట్టికే, మళ్లీ రాయవచ్చు. ప్రమాదం కదా అంటారు. నిజమే, కార్బైడ్‌ను నేను బడిలోకి తేను, పిల్లల చేతికి ఇవ్వను, చాచా గీసిన గీత దాటనివ్వను. జొన్న బెండు, సీతాఫలం, మసి పట్టడానికి కర్పూరం మంట మీద బోర్లించిన స్టీలు చెంచా, ఒక చుక్క ఆమ్లం, ఇవేవీ ప్రమాదం కావు. సామగ్రికి డబ్బుల్లేవని మాత్రం ఎవరూ అనలేరు.

ఇంకొందరు, ఇవన్నీ తెలివైన పిల్లలకు సరే, వెనకబడినవాళ్లను ముందు పాస్ చేయించాలి అంటారు. నా అనుభవం వేరు. ట్రాలీ కింద దూరి నాయనకు స్పానర్ అందించే పిల్లవాడు, పాలిషింగ్ యూనిట్‌లో సెలవుల్లో పని చేసే పిల్లవాడు ఈ పాఠంలో ముందుంటారు. నామీకరణ నియమాలతో మొదలుపెడితే వాళ్లు మొదటి రోజే వెనక బెంచీకి పోతారు. మంటతో మొదలుపెడితే వాళ్లే మిగతావాళ్లకు చెబుతారు. కార్బన్లు లెక్కపెట్టి పేరు పెట్టడం ఆ తర్వాత వారంలో వచ్చేస్తుంది, ఎందుకంటే అప్పటికి పేరు పెట్టాల్సిన వస్తువు వాళ్ల కళ్లముందు ఉంటుంది.

దీనికి కొత్త పుస్తకం అచ్చు వేయక్కర్లేదు. జూన్‌లో పాఠ్య ప్రణాళిక విడుదల చేసేటప్పుడు ఒక పాఠం నెల మార్చాలి. రాష్ట్రమంతా కుదరదంటే వికారాబాద్ జిల్లాలో ఒక ఏడాది చేసి చూడండి. గనులున్నాయి, బట్టీలున్నాయి, వెల్డింగ్ షాపులున్నాయి, సీతాఫలాలున్నాయి. మార్చి పరీక్షల ఫలితాల్లో ఆ పాఠం ప్రశ్నలకు మా పిల్లలు ఎలా రాశారో పక్క జిల్లాలతో పోల్చి చూడండి. ఆ పోలికకు మేం సిద్ధంగా ఉన్నాం.